కేంద్ర సాంస్కృతిక శాఖ గ్రాంటుతో తోలుబొమ్మలాట ఉత్సవం: బడ్జెట్ ఎలా వేయాలి, యూసీ (గ్రాంటు డబ్బు వినియోగ ధ్రువపత్రం) ఎలా ఇవ్వాలి?

బొమ్మలపెట్టె (ప్రశ్న):

అందరికీ నమస్కారం. మాది ధర్మవరం వైపు ఒక కళా సంఘం. సొసైటీగా రిజిస్టరై ఆరేళ్లు దాటింది, మూడేళ్ల ఆడిట్ లెక్కలు సిద్ధంగా ఉన్నాయి. మూడు రాత్రులు తోలుబొమ్మలాట, పగటిపూట పిల్లలకు బొమ్మలు కోయడం, రంగులు వేయడం నేర్పే శిబిరం పెట్టాలని సర్వసభ్య సమావేశంలో తీర్మానించాం. అంచనా 6,00,000 రూపాయలు తేలింది. కేంద్ర సాంస్కృతిక మంత్రిత్వ శాఖ వారి కళా సంస్కృతి వికాస్ యోజనలో ‘కల్చరల్ ఫంక్షన్ అండ్ ప్రొడక్షన్ గ్రాంటు’ ఉంది కదా, దానికి పెడదామని.

ఇందులో వాళ్లు ఎంత ఇస్తారు, ఎప్పుడు ఇస్తారు? మా వాటా కింద కళాకారుల శ్రమదానం, ఊళ్లోవాళ్లు పెట్టే భోజనాలు చూపించొచ్చా? బొమ్మలు చేయించే ఖర్చు, కొత్త హార్మోనియం ఖర్చు ఇందులో వేయొచ్చా? చివర్లో ఇవ్వాల్సిన యూసీ ఎవరు తయారు చేస్తారు, ఎవరు సంతకం పెడతారు? ఇంతకు ముందు గ్రాంటు లెక్కలు చూసినవాళ్లు వివరంగా చెబితే మేలు.

జమాఖర్చు:

ముందు అంకెలు తేల్చుకుందాం. చాలా సంఘాలు తప్పటడుగు వేసేది ఇక్కడే.

ఈ గ్రాంటు ఒక ప్రాజెక్టుకు 5 లక్షల వరకు. ప్రత్యేక సందర్భాల్లో 20 లక్షల దాకా వెళ్లే వీలుంది గానీ, మొదటిసారి పెట్టేవాళ్లు దాని మీద ఆశ పెట్టుకోవద్దు. అసలు షరతు ఇంకొకటి: మొత్తం ఖర్చులో 75 శాతానికి మించి ఇవ్వరు. మిగతా 25 శాతం మీ సంఘం సొంతంగా తేవాలి. మీ 6,00,000 అంచనా యథాతథంగా ఒప్పుకుంటే వాళ్లది 4,50,000, మీది 1,50,000.

అయితే ఉత్సవం నాటికి మీ చేతిలో 1,50,000 ఉంటే చాలదు. మంజూరైన మొత్తం రెండు విడతల్లో వస్తుంది. మామూలుగా మొదటి విడత 75 శాతం, లెక్కలు ఇచ్చాక రెండో విడత 25 శాతం. మీ మంజూరు ఉత్తర్వులో ఏ నిష్పత్తి రాస్తే అదే లెక్క. అంటే ముందు చేతికొచ్చేది 3,37,500. టెంటువాడు, మైకువాడు, కళాకారులు అందరూ ఆ వారంలోనే డబ్బు అడుగుతారు. కాబట్టి 6,00,000 లోంచి 3,37,500 తీసేస్తే 2,62,500 మీరు ముందుగా సర్దుకోవాలి. అందులో 1,12,500 ఆడిట్ అయ్యాక, కాగితాలు వెళ్లాక, ఫైలు కదిలాక వచ్చే డబ్బు. అది ఎప్పుడొస్తుందో తేదీ కట్టుకుని వడ్డీకి అప్పు తేవద్దు. ఆ వడ్డీని ఏ పద్దులోనూ ఒప్పుకోరు.

రెండో చిక్కు. 75 శాతం అనేది మీ అంచనా మీద కాదు, చివరికి నిజంగా అయిన ఖర్చు మీద. ఖర్చు 4,80,000 తోనే సరిపోయిందనుకోండి. అందులో 75 శాతం 3,60,000. మొదటి విడతే 3,37,500 తీసుకున్నారు గనక రెండో విడత 1,12,500 కాదు, 22,500 మాత్రమే. ఖర్చు 4,00,000 కే ఆగిపోతే హక్కు 3,00,000. అప్పుడు 37,500 మీరే తిరిగి కట్టాలి. పొదుపుగా చేశామని సంతోషపడేలోపు రికవరీ లేఖ వస్తుంది. అందుకే అంచనాను గాలికి పెంచి రాయకండి. రాసిన ప్రతి పద్దుకీ బిల్లు పుట్టాలి.

అడిగినంత ఇస్తారని కూడా లేదు. నిపుణుల కమిటీ చూసి 2,00,000 మాత్రమే మంజూరు చేస్తే, ఆ డబ్బు పూర్తిగా నిలబెట్టుకోవడానికి మీ ఖర్చు కనీసం 2,66,667 చూపాలి. మూడు రాత్రుల్ని ఒక రాత్రికి కుదిస్తే ఎంతవుతుందో ఆ రెండో బడ్జెట్ కూడా ఇప్పుడే వేసి పెట్టుకోండి.

శ్రమదానం సంగతి: బిల్లు, చెల్లింపు లేనిది ఖర్చు కాదు. ఊరి భోజనాలు మంచి మాటే గానీ ఆడిటర్‌కు కనిపించవు. ఎవరైనా బియ్యం, పప్పు ఇస్తామంటే, ఆ విలువను డబ్బు రూపంలో విరాళంగా సంఘం ఖాతాలో వేయమనండి. మీరు రసీదు ఇచ్చి, ఆ డబ్బుతో సరుకు కొని బిల్లు తీసుకోండి. సావనీర్ ప్రకటనల డబ్బు, టికెట్ల డబ్బు కూడా ఖాతాలోకి వస్తేనే మీ వాటా కింద నిలుస్తాయి.

పరదావెనక:

పైన చెప్పిన లెక్క సరిగ్గా ఉంది. నేను బొమ్మల పద్దు, వోచర్ల సంగతి చెబుతాను.

ఇది కార్యక్రమానికి, ప్రదర్శన తయారీకి ఇచ్చే డబ్బు. సామగ్రి సమకూర్చుకోవడానికి కాదు. హార్మోనియం, సౌండ్ బాక్సులు కొనుగోలు పద్దులో వేస్తే అక్కడే కొట్టేస్తారు. మూడు రోజులకు అద్దెకు తీసుకుని అద్దె బిల్లు పెట్టండి. కొత్త ఆటకు కావాల్సిన బొమ్మలైతే ప్రదర్శన తయారీ ఖర్చు కింద చెప్పుకోవచ్చు, కానీ తయారైన ప్రతి బొమ్మా స్టాక్ రిజిస్టర్‌లోకి ఎక్కాలి: క్రమసంఖ్య, పాత్ర పేరు, ఎత్తు, ఎవరు చేశారు, ఎంతయింది. ముగింపు సభలో ముఖ్య అతిథికి హనుమంతుడి బొమ్మ బహూకరించే అలవాటు మన దగ్గర ఉంది కదా! రిజిస్టర్‌లో ఉన్న బొమ్మ అలా చేతులు మారితే, గ్రాంటుతో సమకూరిన ఆస్తిని అనుమతి లేకుండా వదిలించుకున్నట్టే. జ్ఞాపికలు మీ సొంత వాటాలోంచి విడిగా కొనండి.

బిల్లులో ఉత్త ‘తోళ్లు’ అని రాయించొద్దు. ‘మేకతోళ్లు, ఇన్ని, ఒక్కోటి ఇంత’ అని ఉండాలి. జింకతోలు కొనడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. పాతకాలపు బొమ్మల కథలు తెలిసిన ఆడిటర్ అయితే ఆ ఒక్క మాట దగ్గర ఆగిపోతాడు. పైగా రావణుడిలాంటి ఆరడుగుల బొమ్మకు ఒక్క తోలు చాలదు. బొమ్మకు ఎన్ని తోళ్లు పట్టాయో మీ రిజిస్టర్‌లో ఉంటే, పది బొమ్మలకు నలభై తోళ్లు ఎందుకయ్యాయని అడిగినప్పుడు జవాబు అక్కడే దొరుకుతుంది.

తోళ్లు అమ్మేవాళ్ల దగ్గర అచ్చు బిల్లు ఉండదు. అలాంటిచోట సంఘం వోచర్ రాయండి: పేరు, ఊరు, ఫోన్ నంబరు, సరుకు, తూకమో లెక్కో, మొత్తం, తేదీ, సంతకం లేదా వేలిముద్ర, పక్కన ఇద్దరు కమిటీ సభ్యుల సంతకాలు. మొత్తం 5,000 దాటితే రూపాయి రెవెన్యూ స్టాంపు అంటించి దాని మీదుగా సంతకం పెట్టించండి. ఈ రూపాయి స్టాంపు లేకపోవడం వల్ల మొత్తం వోచర్ల కట్ట తిరిగి చేయాల్సి రావడం మామూలే.

కళాకారుల పారితోషికానికి ఒక పట్టీ చేయండి. పేరు, ఏం చేస్తారు (ఆడించడం, పాట, మద్దెల, తాళం), ఎన్ని రాత్రులు, రాత్రికి ఎంత, మొత్తం, బ్యాంకు ఖాతా, సంతకం. డబ్బంతా మేళం పెద్ద ఖాతాలో వేసి ఆయన్నే పంచుకోమనడం మన ఆచారం. లెక్కల్లో అది ఒకే మనిషికి లక్షల చెల్లింపుగా కనబడుతుంది. ఎవరి డబ్బు వారి ఖాతాకే పంపండి.

ఇంకో పెద్ద తప్పు: కార్యదర్శి తన సొంత ఫోన్‌పే నుంచి కట్టేసి, తర్వాత సంఘం ఖాతా నుంచి ఒకేసారి తీసుకోవడం. సంఘం బ్యాంకు స్టేట్‌మెంట్‌లో టెంటువాడి పేరు ఉండదు, కార్యదర్శి పేరు ఉంటుంది. బిల్లుకూ బ్యాంకుకూ పొంతన కుదరదు. రెండు సంతకాల ఖాతా అయితే ఉత్సవం వారం చెక్కుబుక్కు పట్టుకుని ఇద్దరూ అందుబాటులో ఉండాలి. మీ సంఘానికి ఆదాయపు పన్ను మినహాయింపు రిజిస్ట్రేషన్ ఉంటే, ఒక మనిషికి ఒక రోజులో 10,000 దాటి నగదు ఇవ్వడం మరో చిక్కు.

జమాఖర్చు:

టీడీఎస్ (బిల్లు చెల్లించేటప్పుడే కోసి ప్రభుత్వానికి కట్టే పన్ను) మాట పరదావెనక గారు వదిలేశారు, అది కలుపుతాను. టెంటు, లైటింగ్ లాంటి కాంట్రాక్టు బిల్లు ఒక్కటి 30,000 దాటినా, ఒకే వ్యక్తికి ఏడాది మొత్తం లక్ష దాటినా పన్ను కోయాలి. బిల్లు వ్యక్తి పేరున ఉంటే 1 శాతం, సంస్థ పేరున ఉంటే 2 శాతం. 45,000 టెంటు బిల్లుకు వ్యక్తి అయితే 450 కోసి 44,550 ఇవ్వాలి. దీనికి ట్యాన్ నంబరు (పన్ను కోసేవాళ్లకు ఆదాయపు పన్ను శాఖ ఇచ్చేది) కావాలి, ఉత్సవం ముందే తీసుకోండి. టెంటువాడు ‘మాకు కోతలు కుదరవు’ అంటే బేరం ఆడేటప్పుడే తేల్చుకోవాలి. తర్వాత ఆ 450 మీ జేబులోంచే పోతుంది.

రిజిస్ట్రార్‌మెట్లు:

డబ్బు లెక్కలకన్నా ముందు పేరు లెక్క సరిచూసుకోండి. సొసైటీ సర్టిఫికెట్, పాన్ కార్డు, బ్యాంకు పాస్‌బుక్, నీతి ఆయోగ్ వారి ఎన్జీవో దర్పణ్ (స్వచ్ఛంద సంస్థల నమోదు పోర్టల్), పీఎఫ్ఎంఎస్ (కేంద్రం గ్రాంటు డబ్బు పంపే పోర్టల్), ఈ అయిదు చోట్లా సంఘం పేరు అక్షరం పొల్లుపోకుండా ఒకేలా ఉండాలి. ఒకచోట ‘కళాసమితి’ కలిపి, ఇంకోచోట ‘కళా సమితి’ విడదీసి, పాన్‌లో ‘శ్రీ’ ఎగిరిపోయి ఉండటం చాలా సంఘాల్లో కనిపించేదే. పీఎఫ్ఎంఎస్‌లో ఏజెన్సీ నమోదయ్యాక బ్యాంకు నుంచి ఖాతా ధ్రువీకరణ రావాలి. పేరు తేడా ఉంటే అక్కడ ఆగిపోతుంది. మంజూరైనా డబ్బు కదలదు. సరిదిద్దాల్సి వస్తే పాన్‌తో మొదలుపెట్టండి, మిగతావి దాన్నే చూస్తాయి.

కార్యవర్గం మారిందా? 2001 సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం సర్వసభ్య సమావేశం అయిన 15 రోజుల్లో కార్యవర్గం జాబితా రిజిస్ట్రార్‌కు ఇవ్వాలి. తెలంగాణలోనూ ఇదే చట్టం నడుస్తోంది. నాలుగేళ్లుగా జాబితా ఇవ్వకుండా ఇప్పుడు కొత్త అధ్యక్షుడి సంతకంతో దరఖాస్తు పెడితే, ఆ సంతకానికి కాగితం మీద అధికారం లేదు. దర్పణ్‌లోనూ పాత అధ్యక్షుడే ఉంటాడు.

చివరిగా, గ్రాంటు షరతులకు కట్టుబడతామని సంఘం రాసిచ్చే బాండు. దీన్ని ఏదో స్టాంపు కాగితం అనుకుని సంతకాలు పెట్టేస్తారు. 2017 సాధారణ ఆర్థిక నియమావళి 231వ నియమం చదవండి. షరతులు తప్పినా, డబ్బు దారి మళ్లించినా, పనిని ఇంకో సంస్థకు అప్పగించినా, బాండు మీద సంతకం పెట్టినవాళ్లు ఉమ్మడిగానూ విడివిడిగానూ బాధ్యులు. తిరిగి కట్టాల్సింది గ్రాంటు, దానిపై ఏటా 10 శాతం వడ్డీ. సంఘం ఖాతాలో డబ్బు లేకపోతే కోశాధికారి ఇంటి తలుపు తట్టొచ్చు. సంతకం పెట్టేవాళ్లందరికీ తెలుగులో చదివి వినిపించి, ఆ సంగతి మినిట్స్‌లో రాయండి.

ఇదే ఉత్సవానికి రాష్ట్ర భాషా సాంస్కృతిక శాఖను కూడా అడిగే ఉద్దేశం ఉంటే దరఖాస్తులోనే ఆ మాట రాయండి. ఇదే పనికి వేరేచోట తీసుకున్నారా, అడిగారా అని ధ్రువీకరణ అడుగుతారు. రెండుచోట్లా వస్తే పద్దులు విడగొట్టండి, ఒక బిల్లు ఒక్కచోటే. ప్రతి ఒరిజినల్ బిల్లు మీద ఏ మంజూరు ఉత్తర్వు కింద క్లెయిం చేశారో ముద్ర వేస్తే పొరపాటు జరగదు.

బొమ్మలపెట్టె:

అందరికీ ధన్యవాదాలు, ఇంత లోతు ఉందని తెలీదు. ఇంకో సందేహం. మంజూరు మార్చిలో వచ్చి, ఉత్సవం మేలో జరిగితే యూసీ ఎప్పుడివ్వాలి? వడ్డీ సంగతి కూడా చెప్పండి.

జమాఖర్చు:

అలా అయితే యూసీలు రెండు. యూసీ ఆర్థిక సంవత్సరం లెక్కన నడుస్తుంది, ఉత్సవం లెక్కన కాదు. ఫారం పేరు జీఎఫ్ఆర్ 12-ఎ (జీఎఫ్ఆర్ అంటే పైన చెప్పిన సాధారణ ఆర్థిక నియమావళే).

మార్చి 12న 3,37,500 ఖాతాలో పడిందనుకుందాం. మార్చి 25న టెంటుకు 40,000 అడ్వాన్సు ఇచ్చారు. మార్చి 31 నాటి యూసీలో: ప్రారంభ నిల్వ సున్నా, వచ్చిన గ్రాంటు 3,37,500 (ఉత్తర్వు నంబరు, తేదీతో), ఖర్చు సున్నా, ముగింపు నిల్వ 3,37,500. కింద ఆ నిల్వ ఎక్కడుందో విడగొట్టి చూపించాలి: బ్యాంకులో 2,97,500, సర్దుబాటు కాని అడ్వాన్సు 40,000. అడ్వాన్సును ఖర్చుగా రాసేయడం అందరూ చేసే తప్పు. పని జరిగి, తుది బిల్లు వచ్చి, అడ్వాన్సు సర్దుబాటయ్యాకే అది ఖర్చు. రెండో యూసీ 3,37,500 ప్రారంభ నిల్వతో మొదలై సున్నాతో ముగియాలి. ఈ రెండింటి మధ్య ఒక్క రూపాయి తేడా ఉన్నా ప్రశ్న వస్తుంది. గడువు ఆ ఆర్థిక సంవత్సరం ముగిశాక 12 నెలలు. కానీ రెండో విడత కావాలనుకునేవాళ్లు అంతకాలం ఆగరు, మీ తొందర మీదే.

యూసీలో గ్రాంటు డబ్బు కదలిక మాత్రమే ఉంటుంది. 6,00,000 మొత్తం ఖర్చు, అందులో మీ వాటా ఎంత, పద్దులవారీగా ఎంత అన్నది ఆడిట్ చేసిన ఖర్చుల పట్టికలో విడిగా పెట్టాలి. దరఖాస్తులో రాసిన పద్దుల పేర్లే అక్కడా ఉండాలి. అక్కడ ‘ప్రచారం’ అని రాసి ఇక్కడ ‘ప్రింటింగ్, మైకు, ఆటో’ అంటే చూసే గుమాస్తా సరిపోల్చుకోలేడు.

ఫారం మీద సంస్థ అధిపతి, ఆర్థిక బాధ్యుడు, అంటే మీ అధ్యక్షుడో కార్యదర్శో ఒకరు, కోశాధికారి ఒకరు సంతకం పెడతారు. సీఏ ఇచ్చే సర్టిఫికెట్ మీద అంకెలు, అక్షరాలు కలిపి 18 ఉండే యూడిన్ నంబరు (ఆ కాగితం సీఏ ఇచ్చిందేనని సరిచూసుకునే గుర్తింపు సంఖ్య) తప్పనిసరి. ముద్ర, సంతకం ఉండి యూడిన్ లేకపోతే ఆ కాగితం చెల్లదు.

వడ్డీ మీది కాదు. అదే నియమావళి 230(8) నియమం ప్రకారం గ్రాంటు మీద వచ్చిన వడ్డీ భారత సంచిత నిధికి, అంటే కేంద్ర ఖజానాకు కట్టాలి. 3,37,500 నాలుగు నెలలు కదలకుండా ఉండి, సేవింగ్స్ వడ్డీ 3 శాతం అనుకుంటే 3,375 రూపాయలు. కేంద్రానికి డబ్బు కట్టే భారత్‌కోశ్ పోర్టల్‌లో కట్టి, చలానా యూసీతో జతచేయండి. ఫారంలో వడ్డీ వచ్చినదానికి, కట్టినదానికి వేర్వేరు గళ్లున్నాయి. గ్రాంటుకు వేరే ఖాతా ఉంటే ఈ లెక్క అయిదు నిమిషాల పని. విరాళాలు, సభ్యత్వాలు, గ్రాంటు ఒకే ఖాతాలో కలిపితే ఏ వడ్డీ ఎవరిదో రోజువారీ నిల్వలు పట్టుకుని విడగొట్టాలి, సీఏ దానికి వేరే ఫీజు అడుగుతాడు.

కూతకెళ్లినోడు:

మధ్యలో అడుగుతున్నా, ఏమనుకోకండి. మాది కబడ్డీ క్లబ్బు. ఆటలకూ ఇదే దారా అన్నా?

రిజిస్ట్రార్‌మెట్లు:

కాదు తమ్ముడూ. క్రీడల శాఖ వేరు. జాతీయ సమాఖ్యలకిచ్చే సాయం భారత క్రీడా ప్రాధికార సంస్థ ద్వారా సమాఖ్యకే వెళ్తుంది, ఊరి క్లబ్బుకు నేరుగా రాదు. మీ స్థాయికి దగ్గరగా ఉండేది ఖేలో ఇండియా సెంటర్: ఒక ఆటకు మొదట ఒకసారి 5 లక్షలు, తర్వాత ఏటా 5 లక్షలు, అందులో శిక్షకుడి జీతమే పెద్ద పద్దు. ప్రతిపాదన రాష్ట్రం నుంచి వెళ్లాలి గనక జిల్లా క్రీడాధికారి దగ్గర మొదలుపెట్టు. వివరాలకు వేరే ప్రశ్న వెయ్యి, ఇక్కడ కలిపితే రెండూ తెగవు.

పరదావెనక:

బొమ్మలపెట్టె గారూ, ఒక మాట. ఒకే రాత్రి ఆట వేయించడమే లక్ష్యమైతే ఇంత తతంగం అక్కర్లేదు. తంజావూరులోని దక్షిణ మండల సాంస్కృతిక కేంద్రం, నాగ్‌పూర్‌లోని దక్షిణ మధ్య మండల కేంద్రం రెండింట్లోనూ ఆంధ్రప్రదేశ్, తెలంగాణ సభ్యులే. వాళ్లు పిలిచే కార్యక్రమాల్లో మేళానికి వాళ్లే చెల్లిస్తారు, యూసీ బెడద మీకుండదు. మేళం వివరాలు, ఆటల జాబితా, పది నిమిషాల వీడియో పంపి ఉంచండి. ఏడాది పొడవునా పిల్లలకు నేర్పించాలంటే గురుశిష్య పరంపర పేరిట ఇచ్చే రెపర్టరీ గ్రాంటు వేరే ఉంది: గురువుకు నెలకు 15,000, 18 ఏళ్లు నిండిన శిష్యుడికి 10,000, చిన్నపిల్లలకు వయసును బట్టి తక్కువ. అది మనుషులకిచ్చే డబ్బు, టెంటుకూ మైకుకూ కాదు. మీ మేళంలో 60 దాటి, ఏడాది ఆదాయం 72,000 లోపున్న పెద్దవాళ్లుంటే నెలకు 6,000 వృద్ధ కళాకారుల సాయానికి వాళ్ల పేరునే పెట్టించండి, దానికి సంఘం గ్రాంటుతో సంబంధం లేదు.

ఈ ఉత్సవానికే వస్తే, బ్యానర్ మీద, ఆహ్వానపత్రం మీద మంత్రిత్వ శాఖ ఆర్థిక సహాయం అన్న మాట కనిపించేలా వేయించి, ప్రతి రాత్రీ బ్యానర్, పరదా, జనం ఒకే చట్రంలో పడేలా ఫొటోలు తీయండి. తోలుబొమ్మలాటకు లైట్లన్నీ ఆర్పేస్తారు కాబట్టి ఆట మధ్యలో తీసిన ఫొటోలో పరదా తప్ప ఏమీ పడదు. గణపతి ప్రార్థనకు ముందు, దీపాలు వెలుగుతుండగానే తీసేయాలి.

బొమ్మలపెట్టె:

ఈ ఆదివారం కమిటీ సమావేశం ఉంది. ముందు పాన్, పాస్‌బుక్ పక్కపక్కన పెట్టి పేరు చూస్తాం. మా పాన్‌లో ‘శ్రీ’ లేదని ఇప్పుడే గమనించా.